ఓపీ చీటీకి రుసుము పెడితే ప్రజావైద్యం బాగుపడుతుందా?

#1 గణకుడు

ఒక ప్రశ్న అడుగుతాను, తిట్టే ముందు పూర్తిగా చదవండి. ప్రభుత్వం నడిపే వైద్యసేవలో చూపించుకోవడానికి వచ్చే ప్రతి ఒక్కరి దగ్గరా చిన్న రుసుము తీసుకుంటే తప్పేమిటి? ఆపరేషన్‌కి కాదు, అడ్మిషన్‌కి కాదు, ప్రాణం మీదకొచ్చిన కేసుకి అసలే కాదు. ఓపీ చీటీకి మాత్రమే. అదీ రోజు కూలిలో పదో వంతు దాటకుండా.

దీంతో రెండు బాధలు ఒకేసారి తీరతాయి. ఒకటి రద్దీ. జలుబుకి వచ్చేవాళ్లు, నిన్న చూపించుకున్న నొప్పికే ఇవాళ ఇంకో డాక్టరు ఏమంటాడో విందామని వచ్చేవాళ్లు కాస్త ఆగి ఆలోచిస్తారు. రెండోది డబ్బు. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు. బీపీ, షుగర్ లాంటి జీవితాంతం మందులు మింగాల్సిన జబ్బులు పెరిగాయి. కొత్త స్కానింగులు వచ్చాయి. పన్నుల రాబడి ఆ వేగంతో పెరగదు. ఎక్కడో ఒకచోట నుంచి తేవాలి కదా.

ఇది నా సొంత పైత్యమేమీ కాదు. జపాన్‌లో 1961 నుంచి అందరికీ ఆరోగ్య బీమా ఉంది. అయినా పసిపిల్లలు, వృద్ధులు తప్ప మిగతావాళ్లు బిల్లులో 30 శాతం చేతినుంచి కడతారు. వాళ్ల ఆయుర్దాయం ఎంతో మీకు తెలుసు. ఉచితం అనే మాట పట్టుకుని వేలాడకుండా జవాబు చెప్పండి.

#2 తలతిక్క

పదో వంతు సరే సార్. క్యూలో నిలబడ్డందుకు మిగతా తొమ్మిది వంతులు ముందే పోయాయి.

#3 నైట్ డ్యూటీ

ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా 22 ఏళ్లు చేశాను. ఎక్కడో అడక్కండి. మధ్యలో మూడేళ్లు మా దగ్గర ఈ రుసుము ముచ్చట కూడా జరిగింది కాబట్టి చెబుతున్నా.

రుసుము పెడితే జలుబు మనిషి ఆగిపోతాడు, గుండెనొప్పి మనిషి వస్తాడు, అంతేగా మీ ఆలోచన? మా ఓపీలో అలా జరగలేదు. ముక్కు కారుతుంటే ఆ చిరాకు కనిపిస్తూనే ఉంటుంది, వాడు కట్టి మరీ వస్తాడు. ఆగిపోయింది బీపీ వాళ్లు. బీపీకి నొప్పి ఉండదు. బాగానే ఉన్నాను కదా, ఈ నెల డబ్బులు మిగుల్చుకుందాం అనుకుంటారు. నెలనెలా వచ్చి మాత్రలు పట్టుకెళ్లే తాపీ మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నాలుగు నెలలు కనపడలేదు. అయిదో నెల నా డ్యూటీలోనే ఆటోలో తీసుకొచ్చారు, ఎడమ చెయ్యీ కాలూ పడిపోయి, మూతి వంకరపోయి. చీటీ డబ్బులు దండగని మానేశాడని వాళ్లావిడ చెప్పింది.

ఆ ఒక్క మనిషిని వార్డులో పెట్టుకున్న ఖర్చు రాబట్టాలంటే ఎన్ని చీటీలు కొయ్యాలో మీరే లెక్క కట్టండి. పేరే గణకుడు కదా.

#4 గణకుడు

నైట్ డ్యూటీ గారూ, ఆయన సంగతి వింటే బాధగానే ఉంది. కానీ ఒక మనిషి కథ చెప్పి విధానం కట్టలేం. రుసుముకి ముందు మీ ఓపీకి రోజుకి ఎంతమంది వచ్చేవాళ్లు? తర్వాత ఎంతమంది? తగ్గినవాళ్లలో అవసరం లేనివాళ్లు ఎంతమంది? ఈ మూడు అంకెలు లేకపోతే మనం మాట్లాడేది కబుర్లే.

#5 నైట్ డ్యూటీ

అంకెలు రిజిస్టర్లో ఉంటాయండీ. నా కళ్లలో మనిషి ఉన్నాడు.

#6 తెల్లకోటు

ఆ అంకెల కోసమే చేసిన ప్రయోగం ఒకటుంది. 1970లలో అమెరికాలో ర్యాండ్ సంస్థ వేల మందిని లాటరీ తీసినట్టు గుంపులుగా విడదీసింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావాళ్లు ఒక్కో గుంపు ఒక్కో శాతం చేతినుంచి పెట్టుకోవాలి. కొన్నేళ్లపాటు చూశారు. డబ్బు కట్టాల్సినవాళ్లు డాక్టరు దగ్గరికి తక్కువగా వెళ్లారు. గణకుడు గారు చెప్పింది అంతవరకూ నిజం. కానీ వాళ్లు మానుకున్న వాటిలో అవసరమైన వైద్యం, అవసరం లేని వైద్యం ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఏరి ఏరి పనికిరానివే మానెయ్యలేదు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు గానీ, పేదవాళ్లై ఉండి బీపీ ఉన్నవాళ్లకి మాత్రం ఉచిత గుంపులోనే బీపీ బాగా అదుపులో ఉంది. నైట్ డ్యూటీ గారి మేస్త్రి అక్కడే ఉన్నాడు.

నేనూ డాక్టర్నే కాబట్టి ఒక మాట. తనకొచ్చింది అవసరమైన నొప్పో కాదో రోగికి తెలిస్తే నా దగ్గరికి ఎందుకొస్తాడు? అది చెప్పడమే నా ఉద్యోగం.

#7 గణకుడు

"సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు." ఈ వాక్యం కోసమే ఎదురుచూస్తున్నా, థాంక్స్ డాక్టరు గారూ. అంటే పేదలకి మినహాయింపు ఇచ్చేస్తే సమస్య తీరిపోయినట్టేగా? కట్టగలిగినవాడు కడతాడు, కట్టలేనివాడికి ఫ్రీ. ఇంకా దేనికి అభ్యంతరం?

#8 నైట్ డ్యూటీ

మినహాయింపు! ఈ మాట కాగితం మీద భలే ఉంటుంది.

పేదరికాన్ని కౌంటర్ దగ్గర రుజువు చెయ్యాలి సార్. కార్డు తేవాలి. ఒళ్లు కాలిపోతున్న పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చిన తల్లికి కార్డు గుర్తుంటుందా? ఇంటికెళ్లి తీసుకురా అంటే మళ్లీ వచ్చేసరికి ఓపీ టైమైపోతుంది. పోనీ కార్డు తెచ్చింది. అందులో మొగుడి పేరుంది, మొగుడు వదిలేసి పోయాడు, ఈమె పేరు లేదు. అప్పుడు కౌంటర్లో కుర్రాడు న్యాయమూర్తి అయిపోతాడు. మరోపక్క మా సూపరింటెండెంటుకి తెలిసినవాళ్లు, స్టాఫ్ బంధువులు, నాలుగు మాటలు గట్టిగా అనగలిగినవాళ్లు ఏనాడూ చీటీకి పైసా కట్టలేదు. మినహాయింపు వాళ్లకే అందింది. మూడేళ్లు కళ్లారా చూశా.

#9 పాత సంచిక

ఈ గొడవ డెబ్భై ఏళ్ల నాటిది, మీరిద్దరూ కొత్తగా పడుతున్నారు. కాస్త వెనక్కి వెళదాం.

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948 జులై 5న మొదలైంది. డబ్బు పన్నుల్లోంచి, వైద్యం అందరికీ ఉచితం. మొదలుపెట్టిన మంత్రి అన్యూరిన్ బెవన్, బొగ్గుగని కార్మికుల ఇంట్లో పుట్టి తానూ గనిలో పనిచేసినవాడు. తలుపులు తెరవగానే కళ్లద్దాల కోసం, కట్టుడు పళ్ల కోసం జనం విరగబడ్డారు. బడ్జెట్ అంచనాలు తలకిందులయ్యాయి. గణకుడు గారు ఇక్కడ ఎగిరి గంతేస్తారు, చూశారా ఉచితమంటే ఇలాగే ఉంటుంది అని. ఆగండి. ఆ జనం దుబారాకి రాలేదు. ఏళ్ల తరబడి మసక చూపుతో, బోసి నోటితో బతికినవాళ్లు మొదటిసారి తలుపు తెరిస్తే లోపలికొచ్చారు. పాత బాకీ అది.

1951లో కొరియా యుద్ధం కోసం ఆయుధాల ఖర్చు పెరిగి, కళ్లద్దాలకీ పళ్లకీ రుసుము పెట్టారు. బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. మరుసటి ఏడు మందుల చీటీకి ఒక షిల్లింగు. 1965లో ఎత్తేశారు. 1968లో మళ్లీ పెట్టారు, ఈసారి పిల్లలకి, వృద్ధులకి, ఫలానా జబ్బులవాళ్లకి మినహాయింపులతో. వేల్స్ 2007లో, స్కాట్లాండ్ 2011లో పూర్తిగా రద్దు చేసుకున్నాయి. ఇంగ్లండులో రుసుము ఇంకా ఉంది. కాకపోతే అక్కడ ఇచ్చే మందుల్లో పదింట తొమ్మిది దాకా మినహాయింపులోనే పోతాయి. ఆ మిగిలిన ఒక్కదాని కోసం ఆ ఫారాలూ ఆ తనిఖీలూ అన్నీ నడుస్తున్నాయి.

#10 మునసబు

అందరూ చీటీ చుట్టూనే తిరుగుతున్నారు. డబ్బే కావాలంటే సిగరెట్లు, సారా మీద వేయండి. ఫిలిప్పీన్స్ 2012లో చట్టం తెచ్చి పొగాకు, మద్యం పన్నులు పెంచి, పెరిగిన రాబడిలో సింహభాగం ఆరోగ్యానికి కేటాయించింది. థాయిలాండ్‌లో 2001 నుంచి ఆ పన్నుల మీద అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య ప్రచారానికి వాడుతున్నారు. రోగిని బాదడం ఎందుకు, రోగం అమ్మేవాడిని బాదండి.

#11 తలతిక్క

అంటే జనం తాగడం మానేస్తే ఆసుపత్రి మూసెయ్యాలా?

#12 మునసబు

తాగడం మానేస్తే రోగాలు తగ్గుతాయి కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. ఇంత చిన్న విషయం అర్థం కాదా?

#13 తలతిక్క

సిగరెట్ మానేసిన మా బాబాయికి 84 ఏళ్లు. ఆయనొక్కడే నెలకి ఎన్నిసార్లు డాక్టరు దగ్గరికి వెళతాడో మీకు తెలియదు. తొందరగా పోయేవాడే ఖజానాకి లాభం. సరదాకే అంటున్నా, కొట్టకండి.

#14 మునసబు

పొగాకు పన్ను మీద ఇంతవరకూ ఒక్కరూ సూటిగా జవాబు చెప్పలేదని గమనించగలరు.

#15 గణకుడు

పాత సంచిక గారూ, చరిత్ర బాగుంది. నేనూ ఒకటి చెబుతా. ఉగాండా 2001లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో రుసుములు ఎత్తేసింది. ఓపీలకి జనం పోటెత్తారు. అందులో పేదలే ఎక్కువ, ఒప్పుకుంటా. తర్వాత ఏమైంది? మందులు చాల్లేదు. ఆసుపత్రిలో లేని మందు బయట కొనుక్కున్నారు. లోపల కట్టే చిన్న రుసుము పోయి, బయట కట్టే పెద్ద బిల్లు వచ్చింది. పిండి కొద్దీ రొట్టె. ఉచితం అని బోర్డు రాసినంత మాత్రాన ఎవరో ఒకరు కట్టడం ఆగదు. ఎవరు ఎక్కడ కడుతున్నారో కనిపించకుండా పోతుంది, అంతే.

#16 సన్నజాజి

నేను షుగర్ పేషెంట్ని. గణకుడు గారు ఇప్పుడన్నది మాత్రం కరెక్టు. చీటీ ఫ్రీగానే ఇస్తారు. మందులు బయటికి రాసిస్తారు. చీటీకి డబ్బులు తీసుకుని మందులు లోపల ఇస్తానంటే నేను సంతోషంగా కడతాను. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉందా లేదా అని ముందు ఫోన్ చేసి కనుక్కోగలిగినా చాలు.

#17 గణకుడు

చూశారా. నేను చెప్పేదీ ఇదే. వసూలైన రుసుము పైకి పోకుండా అదే ఆసుపత్రిలో ఉంచి, మందులకే వాడాలి. 1987లో ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు బమాకోలో కూర్చుని ఒప్పుకున్నదీ ఈ పద్ధతే. ఊరివాళ్లు కట్టిన డబ్బుతో ఊరి మందుల గది నిండాలి.

#18 తెల్లకోటు

ఆ పద్ధతిలో మందులు కొన్నిచోట్ల దొరికాయి. కానీ మరీ పేదవాళ్లు రావడం మానేశారన్న ఫిర్యాదు కూడా అప్పుడే మొదలైంది. రెండోది చెప్పకుండా మొదటిది చెబితే ఎలా.

డబ్బు పెట్టి కొంటేనే జనం విలువిస్తారనే మాట కూడా మీరు ఎప్పుడో ఒకప్పుడు అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. కెన్యాలో గర్భిణులకి దోమతెరల మీద పరీక్షించి చూశారు. కొందరికి ఉచితంగా, కొందరికి చిన్న ధరకి ఇచ్చారు. ధర పెట్టగానే తీసుకునేవాళ్లు బాగా పడిపోయారు. కొన్నవాళ్లు ఉచితంగా తీసుకున్నవాళ్లకంటే ఎక్కువ జాగ్రత్తగా వాడిందీ లేదు. జర్మనీ సంగతి ఇంకో రకం. 2004లో మూణ్ణెల్లకోసారి మొదటి విజిట్‌కి 10 యూరోలు పెట్టారు. వసూలు పని, రసీదుల పని డాక్టర్ల దగ్గరున్న స్టాఫ్ నెత్తిన పడింది. రద్దీ తగ్గినట్టే తగ్గి మళ్లీ మామూలే. 2012లో పార్లమెంటులో రద్దుకి ఓటేస్తే వ్యతిరేకించినవాళ్లు ఒక్కరూ లేరు.

#19 నైట్ డ్యూటీ

సన్నజాజి గారూ, మీ బాధ నాకు తెలుసమ్మా. అందుకే అసలు సంగతి చెబుతా వినండి. మా దగ్గరా అలాగే అన్నారు, రుసుము డబ్బు మన ఆసుపత్రికే అని. మొదటి ఏడు నిజంగానే వచ్చింది. డ్రిప్ స్టాండ్లు కొన్నాం, రెండు వార్డుల్లో ఫ్యాన్లు బాగుచేయించాం, కొన్ని మందులు కూడా వచ్చాయి. నేనే అందరికీ చెప్పాను, పర్లేదు ఇది మంచి పనే అని. రెండో ఏడు పైనుంచి కాగితం వచ్చింది. మీకు సొంత రాబడి ఉంది కాబట్టి మీ గ్రాంటు అంత మేరకు తగ్గిస్తున్నాం అని. రోగి కట్టింది ఎంతో, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది అంత. మూడో ఏడుకి ఫ్యాన్లు మళ్లీ ఆగిపోయాయి. చీటీ రుసుము మాత్రం ఆగలేదు.

#20 గణకుడు

అది రుసుము తప్పు కాదు, ఆ కాగితం రాసినవాడి తప్పు. గ్రాంటు తగ్గించకూడదని చట్టంలో రాసుకోవచ్చు. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

#21 నైట్ డ్యూటీ

ఇల్లు ఎవరిదో, ఎలకలెవరో ముందు తేల్చండి.

#22 గణకుడు

సరే, నేనూ సూటిగానే మాట్లాడతా. ఏం చెప్పినా మీ దగ్గర ఒకే జవాబు, మా ఆసుపత్రిలో అలా జరిగింది అని. కౌంటర్లో కుర్రాడు చెడ్డవాడు, సూపరింటెండెంటు చెడ్డవాడు, పైవాడు చెడ్డవాడు. మరి మీ స్టాఫ్ ఏం చేశారు 22 ఏళ్లు? డ్యూటీ డాక్టరు పదకొండింటికి వస్తే ఎవరైనా అడిగారా? జనం మీద కసురుకోవడం ఏ రుసుము వల్ల వచ్చింది? మీ జీతం మాలాంటి వాళ్ల పన్నుల్లోంచే వచ్చింది, పెన్షనూ అందులోంచే వస్తోంది. మేం లెక్క అడిగితే మాత్రం పేదల శత్రువులం.

#23 నైట్ డ్యూటీ

వచ్చారా జీతం దగ్గరికి. ఎప్పుడొస్తారా అని చూస్తున్నా.

యాభై మంచాల వార్డు, ఎనభై మంది రోగులు, నేలమీద చాపలు, రాత్రికి నేనొక్కదాన్ని. అది నా జీతం. ఒక మూల సెలైన్ అయిపోతోందని పిలుస్తారు, ఇంకో మూల ఊపిరాడట్లేదని పిలుస్తారు, కసురుకోకుండా ఎలా ఉంటానండీ, దేవతనా? కసురుకున్నాను. ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. మా దగ్గర పోస్టులు సగం ఖాళీ. ఉన్నవాటిలో సగం కాంట్రాక్టు వాళ్లు, వాళ్లకి మూణ్ణెల్లకోసారి జీతం. ఈ లెక్క ఏనాడైనా అడిగారా మీరు? పదకొండింటికి వచ్చే డాక్టర్ని నేనడిగితే నా ట్రాన్స్‌ఫర్ కాగితం పన్నెండింటికి వచ్చేది.

పన్ను కడుతున్నా పన్ను కడుతున్నా అంటారు. అగ్గిపెట్టె కొన్న ప్రతివాడూ కడుతున్నాడు పన్ను. ఆ మేస్త్రి కూడా కట్టాడు.

#24 అడ్మిన్

వ్యక్తిగత దూషణలు వద్దు. 22, 23 పోస్టులు ఉంచుతున్నాను, ఇకపై ఈ ధోరణి సాగితే తాళం వేస్తాను.

#25 మునసబు

పొగాకు పన్ను వేసి ఉంటే ఇంత గొడవే ఉండేది కాదు.

#26 గణకుడు

జీతం మాట అనకుండా ఉండాల్సింది. వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఎందుకన్నానో చెప్పకపోతే ఈ థ్రెడ్‌కి అర్థం లేదు.

మా నాన్న ప్రభుత్వ ఉద్యోగి. ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కేవాడు కాదు, మనది మనం వాడుకోకపోతే ఎవరు వాడతార్రా అనేవాడు. కడుపునొప్పికి ఒకే ఓపీకి ఏడుసార్లు వెళ్లాం. ప్రతిసారీ మూడు నాలుగు గంటల క్యూ, గదిలో రెండు నిమిషాలు. గ్యాస్‌కి మాత్రలు రాసేవాళ్లు. ఆ డాక్టర్ని నేను తప్పుపట్టను. బయట రెండు వందల మంది ఉన్నారు, ఆయన తల ఎత్తి చూసే తీరిక కూడా లేదు. ఎనిమిదోసారి నేను బలవంతంగా ప్రైవేటుకి తీసుకెళ్లాను. అక్కడ స్కాన్ తీశారు. అప్పటికే లివరుకి పాకింది. ఒక్కసారి, ఆ ఏడుసార్లలో ఒక్కసారి ఎవరైనా పది నిమిషాలు చూసి, కడుపు తడిమి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటా. ఆ క్యూలో మా ముందు నిలబడ్డ వాళ్లలో సగం మంది మాట్లాడుకుంటున్న జబ్బులు నాకింకా గుర్తే. అందుకే నాకు రద్దీ అంటే అంత కసి.

ఇప్పుడు నేను పన్ను కడతాను, బీమా ప్రీమియం కడతాను, బీమా వాడు కాదన్న బిల్లూ కడతాను. మూడుసార్లు.

#27 తలతిక్క

ఈసారి నా దగ్గర జోకు లేదు సార్.

#28 నైట్ డ్యూటీ

ఏడుసార్లు. అవునండీ, అలాగే జరుగుతుంది. అలా జరుగుతుందని మాకు తెలుసు. తెలిసే పని చేసేవాళ్లం, అది ఇంకా ఘోరం.

ఒకటి చెప్పండి గణకుడు గారూ, కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నా. మీకు కావాల్సింది రుసుము డబ్బు కాదు కదా? జనం తగ్గాలి. అంతేనా?

#29 గణకుడు

అవును. అంతే. డబ్బు సంగతి వాదన కోసం ముందు పెట్టాను. చీటీ రుసుముతో ఏ ఆసుపత్రీ నడవదని నాకూ తెలుసు, ఆమాత్రం లెక్క వచ్చు. జనం తగ్గితే డాక్టరుకి పది నిమిషాలు దొరుకుతాయి. పది నిమిషాలు దొరికితే మాలాంటి వాళ్లం కూడా వెనక్కొస్తాం. నేను పారిపోలేదు, నన్ను ఆ క్యూ బయటికి నెట్టేసింది.

#30 నైట్ డ్యూటీ

అదే నాకు మింగుడు పడనిది. మీరు వెనక్కి రావడానికి ఎవరో ఒకరు బయటికి పోవాలంటున్నారు. పోయేది ఎవరు? మీరు అనుకునే జలుబు మనిషి కాదని ఇందాకే డాక్టరు గారు చెప్పారు.

నేను తిరగేసి అంటాను. క్యూలో రెండు వందల మంది ఉండటం తప్పు కాదు, గదిలో ఒక్క డాక్టరే ఉండటం తప్పు. నలుగురుంటే మీ నాన్నగారిని ఎవరో ఒకరు తడిమి చూసేవాళ్లు. ఆ నలుగురి కోసం గట్టిగా అడగగలిగింది ఎవరండీ? మా మేస్త్రి అడిగితే ఎవరు వింటారు? అడగగలిగిన మీరంతా ఒక్కొక్కరే బీమా కార్డు జేబులో పెట్టుకుని బయటికి నడిచారు. ఏమీ అనలేని వాళ్లే మిగిలారు. మర్నాటి నుంచి కుళాయి పాడైనా పట్టించుకున్నవాడు లేడు. మిమ్మల్ని తప్పుపట్టట్లేదు, తండ్రి చావు చూసినవాళ్లు వెళ్లకేం చేస్తారు. కానీ వెళ్లినవాళ్లు తలుపు దగ్గర టికెట్ పెట్టమంటే నాకు ఒళ్లు మండుతుంది.

#31 పాత సంచిక

వైద్యం ఎక్కువ అవసరమైనవాళ్లకే తక్కువ అందుతుందని వేల్స్‌లో బొగ్గుగనుల ఊళ్లో ప్రాక్టీసు చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో రాశాడు. విలోమ సంరక్షణ నియమం అని పేరు పెట్టాడు. సేవ మార్కెట్‌కి ఎంత దగ్గరైతే ఆ తలకిందుల వ్యవహారం అంత ముదురుతుందని కూడా అన్నాడు. మీరిద్దరూ ఇప్పుడు మాట్లాడుతున్నది ఇదే. రుసుము గొడవ పైపై మాట.

#32 తెల్లకోటు

రుసుముని పక్కన పెట్టి రద్దీ సంగతే చూద్దాం, ఎందుకంటే అందులో గణకుడు గారు నిజం చెబుతున్నారు. థాయిలాండ్ 2002లో అందరికీ వైద్యం పథకం తెచ్చింది. విజిట్‌కి 30 బాత్‌లు, పేదలకి అదీ లేదు. జనం దాన్ని 30 బాత్‌ల పథకం అనే పిలిచారు. 2006లో ఆ 30 కూడా తీసేశారు, పథకం కూలిపోలేదు. ఎందుకంటే దాన్ని నిలబెట్టింది ఆ 30 బాత్‌లు కావు. మూడు పనులు చేశారు. పన్నుల్లోంచి తలకింత అని లెక్కగట్టి ఏటా జిల్లా ఆసుపత్రుల గొలుసుకి ముందే ఇచ్చేశారు. ప్రతి మనిషినీ దగ్గర్లోని కేంద్రంలో నమోదు చేసి, ముందు అక్కడే చూపించుకోవాలన్నారు. అక్కడినుంచి రాసిస్తేనే పెద్దాసుపత్రి. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే కొత్త డాక్టర్లు పల్లె ఆసుపత్రుల్లో చెయ్యాలని నిబంధన పెట్టి, జిల్లాల్లో ఆసుపత్రులు కట్టుకుంటూ వచ్చారు.

మన పెద్దాసుపత్రుల్లో రద్దీకి కారణం జలుబు కాదు, జలుబు చూడాల్సిన చిన్న కేంద్రం మూసి ఉండటం. నేను ఎనిమిదేళ్లు చేసి వదిలేశాను. జీతం కోసం వదిలేశాననుకుంటారు. కాదు. ఒక పూటలో నూట ముప్పై మందిని చూసిన రోజు సాయంత్రం, పొద్దున చూసిన ఒక్క మొహం కూడా గుర్తు రాలేదు. ఆ వారమే రాజీనామా రాశాను.

#33 గణకుడు

డాక్టరు గారు చెప్పిన నమోదు పద్ధతి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ చిన్న కేంద్రాల్లో డాక్టర్లని పెట్టడానికి పదేళ్లు పడుతుంది, డబ్బూ పడుతుంది. ఆ పదేళ్లూ క్యూలో ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి?

నా మాట కొంచెం మారుస్తాను. బీపీ, షుగర్, టీబీ, గర్భిణులు, పిల్లలు, ఎవరికీ ఎక్కడా రుసుము వద్దు. కార్డులూ వద్దు, జబ్బు చూసి మినహాయింపు. చిన్న కేంద్రంలో ఎవరికైనా ఉచితం. అక్కడ చూపించుకోకుండా నేరుగా పెద్దాసుపత్రి ఓపీకి వచ్చినవాళ్లకే రుసుము. దీనికైనా ఒప్పుకుంటారా నైట్ డ్యూటీ గారూ?

#34 సన్నజాజి

నాకు ఇది బాగానే ఉంది. ఇన్సులిన్ సంగతి మాత్రం ఇందులో కూడా లేదు.

#35 నైట్ డ్యూటీ

ఇంతకుముందు కంటే నయం. అయినా ఒప్పుకోను. చిన్న కేంద్రం తలుపు తెరిచి, లోపల మనిషిని కూర్చోబెట్టిన తర్వాత అడగండి, అప్పుడు చూద్దాం. తాళం వేసి ఉన్నంతకాలం నేరుగా వచ్చావని జరిమానా వేస్తే అది మళ్లీ ఆ మేస్త్రి మీదే పడుతుంది. మీరు రుసుము ముందు పెట్టి తలుపు తర్వాత తెరుస్తామంటున్నారు. నేను ఆ వరసే తిరగెయ్యమంటున్నా.

#36 గణకుడు

వరస తిరగేస్తే తలుపు ఎప్పటికీ తెరుచుకోదు, ఎందుకంటే ఎవరికీ తొందర ఉండదు.

#37 నైట్ డ్యూటీ

రుసుము ముందు పెడితే తొందర ఉంటుందని ఎవరు చెప్పారు? రెండో ఏడు వచ్చిన కాగితం మర్చిపోయారా?

#38 కొత్తగా వచ్చా

హాయ్ అందరికీ. ఇంట్రెస్టింగ్ టాపిక్. ఇంతకీ రుసుము ఎంత పెడదామంటున్నారు?

#39 తలతిక్క

ముందు చీటీ తీసుకుని క్యూలో నిలబడు తమ్ముడూ. నీ ముందు 37 మంది ఉన్నారు.

#40 మునసబు

కొత్తగా వచ్చా గారూ, మీరైనా చెప్పండి, పొగాకు పన్ను మీద మీ అభిప్రాయం?